ఇద్దరు సార్లు, రెండు కుండల చారు

ఊరికి ఇద్దరు మేష్టార్లు రావలసిన చోటికి రెండు కుండల చారు తెప్పించిన ఘనుణ్ణి నేను. నమ్మకం కుదరకపోతే రాజాం పక్కనున్న ఆ ఊరికి వెళ్లి "చారు మేష్టారు తెలుసా?" అని అడగండి. తల నెరిసినవాళ్లెవరైనా ముందు కడుపు పట్టుకుని నవ్వుతారు, తరవాత మీకు మంచినీళ్లిస్తారు, ఆ తరవాత మొదటినుంచీ మొత్తం చెబుతారు. వాళ్లు చెప్పేలోపు నేనే చెప్పేస్తే కాస్త పరువు మిగులుతుందని ఇది రాస్తున్నాను.

ముందు నా పేరు చెప్పాలి. సన్యాసిరావు. పేరుకే సన్యాసిని. పంతొమ్మిది వందల అరవైల చివర, ఈ కథ జరిగేనాటికి, నాకు భార్య పైడమ్మ, ఇద్దరు ఆడపిల్లలు, పాలివ్వడం మానేసిన ఒక ఆవు, పండక్కని వచ్చి వెళ్లడం మరిచిపోయిన ఒక మామగారు ఉండేవారు. బడి పక్కనే పెంకుటిల్లు. పొద్దున్నే పిల్లలకు జడలు వేసి బడికి పోయేవాణ్ణి, సాయంత్రం బడి పిల్లల్ని ఇంటికి తెచ్చుకుని మళ్లీ చదువు చెప్పేవాణ్ణి. "మీకు ఇల్లూ బడీ ఒకటే, తడిక అడ్డం అంతే" అనేది పైడమ్మ. మెచ్చుకుంటోందో తిడుతోందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇక నా జబ్బు సంగతి. నేను పుట్టింది విజయనగరం దగ్గర పల్లెలో. మా అమ్మ "సెప్పు" అంటే నేను "సెప్పు" అన్నాను, "సూడు" అంటే "సూడు" అన్నాను. కూడు తిన్నట్టే మాటలూ తిని పెరిగాను. అలాంటివాణ్ణి మేష్టారు ట్రైనింగుకని దక్షిణాది జిల్లాకి పోయాను. మొదటి నమూనా పాఠం. ఎదురుగా తోటివాళ్లంతా పిల్లల్లా కూర్చున్నారు. నేను నిండుగా ఊపిరి పీల్చుకుని, "పిల్లలూ, ఆకాశంలో సెందురుణ్ణి సూడండి!" అన్నాను.

చంద్రుడు కనబడ్డాడో లేదో కానీ నాకు మాత్రం పట్టపగలే చుక్కలు కనబడ్డాయి. గదంతా ఒకటే నవ్వు. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "అయ్యా, సెందురుడు సక్కగా కనబడ్డం లేదు, ఇంకోసారి సెప్పండి" అన్నాడు. ఆ ఏడాదంతా హాస్టలు డాబా మీద ఒక్కణ్ణే నిలబడి "చాప, చేప, చిలక, చెరువు" అని సాధన చేశాను. ఆ నవ్వు ఎంత మండిందంటే, నా చేతికింద చదివే పిల్ల ఒక్కతి కూడా జన్మలో ఆ నవ్వు వినకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఉద్దేశం మంచిదే. కొండనాలుకకు మందు వేసిన ప్రతివాడి ఉద్దేశమూ మంచిదే.

ఆ ఊరి బడిలో ఎనిమిదో తరగతిదాకా ఉండేది. హెడ్మేష్టారు జగన్నాథంగారు పెద్దాయన, చిన్న తరగతులు చూసుకునేవారు. ఆరు, ఏడు, ఎనిమిది మొత్తం నా మెడకే. చేరిన వారానికే రెండు శాసనాలు చేశాను. ఒకటి: ఇకమీదట ఎవరూ నన్ను "మేస్టారూ" అనకూడదు, పట్నం బళ్లలో లాగా "సార్" అనాలి. రెండు: చ వచ్చే చోట స పలికిన వాళ్లు సరిగ్గా పలికేదాకా బల్ల ఎక్కి నిలబడాలి.

"మేస్టారంటే ఏటి తక్కువయిపోనాది?" అంది పైడమ్మ ఆ రోజు.

"నీకు తెలీదులే. సార్ అంటే అందులో ఒక హుందా ఉంది."

"మా ఇంట్లో సారంటే అందులో ఉప్పూ సింతపండూ ఉంటాయి" అని ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. మా వైపు ఇళ్లలో చారుని సారు అనే అంటారు. భగవంతుడు భార్య నోట హెచ్చరిక పంపించాడు. ఏ మగాడు వింటాడు కనక నేను వినడానికి?

రోజూ ప్రార్థన అయ్యాక చాప చేప చిలక వల్లె వేయించేవాణ్ణి. బడి ముందునుంచి పోయే ఎడ్లబళ్ల వాళ్లు ఆగి, ఇక్కడేదో పూజ జరుగుతోందనుకుని దణ్ణం పెట్టి పోయేవారు. నెల తిరక్కుండా నా ఎనిమిదో తరగతిలో చెట్టు మీద చిలక కూర్చుంది, చెరువులో చేప ఈదింది. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పను, చొక్కా గుండీలకు తెలుసు.

ఆ ఊపులోనే నా కొంప ముంచిన రోజు వచ్చింది. ఎనిమిదో తరగతిలో సావిత్రి అనే పిల్ల ఉండేది. చురుకంటే చురుకు. ఒకసారి చెబితే చాలు, గోడకు మేకు కొట్టినట్టు ఉండిపోయేది. "నిన్న మీ ఇంట్లో ఏం జరిగిందో చెప్పు" అన్నాను.

"మా అమ్మ సారు కాసింది సార్" అంది.

నేను బల్ల మీద చేత్తో కొట్టాను. "సారు కాదు! చారు! పదిమందిలో సారు అంటే పళ్లికిలించి నవ్వుతారు. అందరూ వినండి. ఈ క్షణంనుంచి ఈ బడిలో సారు అన్న మాట నాకు వినపడకూడదు. ఎప్పుడైనా, ఎక్కడైనా, చారు అనే అనాలి. తెలిసిందా?"

తెలిసిందన్నారు. నా నోటితో నేనే అన్న మాటలివి. నా గొయ్యి నేనే తవ్వుకుని, లోతు సరిపోయిందా అని పిల్లల్నే అడిగానన్నమాట.

మర్నాడు నేను గదిలో అడుగుపెట్టగానే తరగతి మొత్తం లేచి, ఒక్క గొంతుతో అంది:

"నమస్కారం చారూ!"

ముందు నా చెవుల్ని అనుమానించాను. హాజరు పట్టీ తీశాను.

"సూరిబాబు!"

"వచ్చాను చారు!"

"సావిత్రి!"

"వచ్చాను చారు. కానీ తప్పు పలికారు చారు. నా పేరు చావిత్రి."

"ఎవరు చెప్పారే?"

"మీరే కదా చారు, స అంటే పదిమందీ నవ్వుతారన్నారు!"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. నేను వేసిన మందుకి ఊరంతటి నాలుకలూ ఊడాయి. పిల్లలు సంతకి వెళ్లడం మానేసి చంతకి వెళ్లారు, సబ్బు మానేసి చబ్బుతో స్నానం చేశారు, సైకిలు దిగి చైకిలు ఎక్కారు. మూడోనాటికి కిరాణా కొట్టు సెట్టిగారు బడి గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"మేస్టారూ, నా తప్పేటి సెప్పండి. మీ బడి గుంటలు వచ్చి నన్ను చెట్టిగారూ, చెట్టిగారూ అంటన్నారు. నాను సెట్టినా, సెట్టునా? రేపు కొమ్మలెక్కి కూకుంటే నాను మొయ్యలేను!"

హెడ్మేష్టారు జగన్నాథంగారు వక్క నములుతూ అంతా విన్నారు. "సన్యాసిరావూ, ఎలకలున్నాయని ఇంటికి నిప్పెట్టావేమో చూసుకో" అన్నారు. అంతకంటే ఎక్కువ ఆయన ఎప్పుడూ అనరు.

ఇంట్లోనూ గాలి అలాగే వీస్తోంది. నా పెద్దకూతురు సపోటాపండుని చపోటా చేసింది. మామగారు తన సుట్టని చుట్ట అనడం మొదలుపెట్టారు. అది సరైనదే కానీ, సున్నాన్ని కూడా చున్నం చేశారు. పైడమ్మ మాత్రం ఒక్క అక్షరం మార్చుకోలేదు. "మొగుణ్ణి పేరెట్టి పిలవకూడదు గాబట్టి సరిపోనాది. నేదంటే ఈపాటికి మీరు చన్యాచి అయిపోదురు" అంది.

దిద్దుబాటు మొదలుపెట్టాను. "స పలకాల్సిన చోట స, చ పలకాల్సిన చోట చ పలకాలి" అన్నాను.

సావిత్రి లేచింది. "ఎక్కడ ఏది పలకాలో ఎలా తెలుస్తుంది చారు?"

ఏ వ్యాకరణంలోనూ దానికి సూత్రం లేదు. చెవికి తెలియాలి, అంతే. వాళ్ల చెవులకు తెలిసినదాన్ని తప్పని కొట్టేసినవాణ్ణి నేనే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?

సరిగ్గా అప్పుడే ఊరి ప్రెసిడెంటు అప్పలనాయుడుగారు పరుగులాంటి నడకతో వచ్చారు.

"సోమారం నాడు ఇన్‌స్పెక్టరు బాబు వస్తన్నారు! మనూరికి తొమ్మిదో తరగతి ఇవ్వాలో వద్దో సూసి ఎల్తారంట. ఇద్దరు చార్లని కూడా అడుగుదాం."

"చార్లేమిటండీ ప్రెసిడెంటుగారూ?" అన్నాను బిక్కచచ్చి.

"అదేనండీ, సదువుకున్నోళ్లు మేస్టార్ని అలాగే అంటారంట గదా. మా మనవడు సెప్పాడు. నాను కూడా నేర్చీసుకున్నాను" అన్నారాయన గర్వంగా.

ఆయన్ని చూసి నవ్వకండి. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ తొమ్మిదో తరగతి మీద సావిత్రి చదువు ఆధారపడి ఉంది. తొమ్మిది చదవాలంటే రాజాం పోవాలి, మధ్యలో గెడ్డ దాటాలి. వానాకాలంలో ఆ గెడ్డ పొంగితే పశువులే వెనక్కి తిరిగేవి. ఊళ్లో ఏ ఆడపిల్లా ఎనిమిది దాటలేదు. సావిత్రి తండ్రి సింహాచలం నాతో తెగేసి చెప్పాడు: "ఊర్లో తొమ్మిదుంటే సదివిస్తాను మేస్టారూ. గెడ్డ దాటించి మాత్రం పంపను. ఉన్నదొక్క గుంట. కొట్టుకుపోతే నాకెవులు తెచ్చిస్తారు?" అతనితో ఏమని వాదిస్తాం? నాకూ ఇద్దరు ఆడపిల్లలున్నారు.

"ఇన్‌స్పెక్టరుగారు ఊఁ అంటే నేను చదువుకుంటానా చారు?" అని అడిగింది ఆ పిల్ల. ఆ చారు అన్న పిలుపుకి మొదటిసారి నా గుండె కలుక్కుమంది.

బాగా ఆలోచించి ఒక ఉపాయం పన్నాను. ఇన్‌స్పెక్టరుగారి ముందు ఊరి తరఫున సావిత్రి మాట్లాడుతుంది. ఆ మాటల్లో స అక్షరమే రాకుండా నేను అల్లాను: "మా ఊరికి తొమ్మిదో తరగతి కావాలి. ఇద్దరు ఉపాధ్యాయులు కావాలి." స లేకపోతే చ ఎలా అవుతుంది? నా తెలివికి నేనే మురిసిపోయాను. పిల్ల బట్టీ పట్టేసింది.

సోమవారం వచ్చింది. గుమ్మాలకు మామిడి తోరణాలు కట్టారు. ఇన్‌స్పెక్టరుగారు జీపు దిగారు. తెల్లటి మనిషి, గుండ్రటి మొహం, కృష్ణా జిల్లా వారు, మా వైపు కొత్త. తిన్నగా ఎనిమిదో తరగతిలోకి వెళ్లారు.

"మాట్లాడమ్మా" అన్నారు.

సావిత్రి బాణంలా లేచి, "మా ఊరికి తొమ్మిదో తరగతి కావాలి. ఇద్దరు ఉపా..." అని మొదలుపెట్టింది. నేను పక్కనే నిలబడి పెదాలు కదుపుతున్నాను. ఆయన చూశారు.

"బట్టీ పట్టించారా మేష్టారూ? మీరు కాస్త బయట ఉండండి. పిల్లలు మీ మొహం చూసి చెబుతున్నారు."

బయటికి వచ్చి కిటికీలోంచి సైగ చేశాను. "ఆ కిటికీ కూడా మూయించండి" అన్నారు ఆయన.

మూసిన తలుపుల వెనక జరిగినది సావిత్రి తరవాత నాకు పొల్లుపోకుండా చెప్పింది. మీరు ఇప్పుడే వినండి.

"బట్టీ మాటలు వద్దమ్మా, నీ మాటల్లో చెప్పు. ఈ బడిలో మీకేం తక్కువైంది?"

"చారు తక్కువండి."

"ఏమిటీ?"

"చారండి. మాకు చాలడం లేదండి."

మధ్యాహ్నం పూట బడిలో పిల్లలకు ఉప్మా పెట్టే రోజులవి. ఇన్‌స్పెక్టరుగారికి ఆ ఉప్మా గుర్తొచ్చింది. అది గొంతు దిగడం ఎంత కష్టమో ఆయన చాలా బళ్లలో చూసి ఉన్నారు. ఆయన మొహం జాలితో మెత్తబడింది.

"అసలు చారే లేదా తల్లీ?"

"ఉన్నారండి, ఒక్క చారు. ఆరుకీ ఏడుకీ ఎనిమిదికీ ఆ ఒక్కరే. ఏడో తరగతికి వెళ్లిపోతే మాకు ఉండరండి."

"ఉండరు అంటున్నావు! చారుకి కూడా మీరు మర్యాద ఇస్తారా?"

"ఇవ్వకపోతే తప్పు కదండీ?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారట. తినే పదార్థం మీద ఇంత భక్తి ఆయన ఏ జిల్లాలోనూ చూడలేదు.

"ఉన్న ఆ చారు బాగుంటుందా?"

"చాలా మంచి చారండి. కాకపోతే బేగి వేడెక్కిపోతారు."

"చల్లారితే?"

"చల్లారితే చాలా బాగుంటారండి."

"మరి ఇంకా ఎన్ని కావాలి?"

"ఇద్దరండి."

"ఇద్దరు కాదమ్మా, రెండు అనాలి" అని దిద్దారు ఆయన. తప్పులు దిద్దే జబ్బు నాకొక్కడికే ఉందనుకోకండి.

"రెండండి" అంది సావిత్రి బుద్ధిగా.

తలుపు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టరుగారు అప్పలనాయుడుగారి భుజం మీద చెయ్యి వేశారు. నేను పక్కనే ఉన్నాను.

"ప్రెసిడెంటుగారూ, ఆ పిల్ల నా మనసు కరిగించేసింది. రెండు చార్లు కావాలట."

"అదే బాబూ మా అందరి కోరికానూ! రెండు సాలు!"

నేను ఉలిక్కిపడ్డాను. మరుక్షణం, ఆహా, ఎంత సరదా మనిషి, పిల్లల ముద్దుమాటని ఆయనా పలికి ముచ్చట తీర్చుకుంటున్నాడు అనుకున్నాను. అనుకుని నవ్వాను కూడా.

"ఇంత చిన్నదానికి పైవాళ్లకి రాయడం ఎందుకు? ఇవాళ మధ్యాహ్నమే ఏర్పాటు చేసేద్దాం" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"మజ్జానానికే!" అప్పలనాయుడుగారు రెండు చేతులూ జోడించారు.

"గంట చాలదూ? ఇంతకీ ఎలాంటివి కావాలి మీ ఊరికి?"

"మరీ పల్చనివి వద్దు బాబూ. గట్టివి కావాల. కారంగా ఉన్నా పరవానేదు, మా గుంటలకి ఆమాత్రం ఉండాల!"

"భేష్! నాకూ అలాంటివే ఇష్టం."

గంటలో ఇద్దరు మేష్టార్లు ఎక్కడినుంచి ఊడిపడతారన్న అనుమానం నాకు రాలేదా అని మీరు అడగొచ్చు. వచ్చింది. కానీ రాజు తలచుకుంటే మేష్టార్లకు కొదవా, రాజాం నుంచి జీపులో దింపుతారేమో అని సర్దిచెప్పుకున్నాను. ఆశ పుట్టినవాడికి లెక్కలు రావు. ఇన్‌స్పెక్టరుగారు తన అటెండరు అప్పన్నని పిలిచి చెవిలో ఏదో చెప్పి మా ఇంటివైపు పంపడం చూశాను. భోజనం ఏర్పాట్లనుకున్నాను.

అప్పలనాయుడుగారు డప్పు వేయించారు. "కొత్త చార్లు వస్తన్నారహో! ఇద్దరు చార్లు మజ్జానానికే వస్తన్నారహో!" ఊరు ఊరంతా పనులు వదిలేసి బడి ముందు చేరింది. బంతిపూల దండలు రెండు తయారయ్యాయి. సెట్టిగారు రెండు కొబ్బరికాయలు తెచ్చారు. సింహాచలం ఉతికిన పంచె కట్టుకుని వచ్చి, కూతురి తల మీద చెయ్యి వేసి ముందు వరసలో నిలబడ్డాడు.

మధ్యాహ్నమైంది. మా ఇంటి తడిక పక్కన అప్పన్న కనబడ్డాడు. భుజాన కావడి, కావడికి అటొక కుండ, ఇటొక కుండ. వెనక గరిటె పట్టుకుని పైడమ్మ. ఆవిడ వెనక మామగారు. పోపు వాసన వాళ్లకంటే ముందే వచ్చింది.

కావడి దించారు. అప్పలనాయుడుగారు చేతిలో దండతో ముందుకు వచ్చి, కుండల వెనక చూశారు, అప్పన్న వెనక చూశారు.

"చార్లేరి బాబూ?"

"ఇవిగో" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు చెయ్యి చాపి. "అడిగినట్టే. రెండు."

అప్పలనాయుడుగారు కుండల్లోకి తొంగి చూశారు. మళ్లీ ఆయనవైపు చూశారు. "ఏటి బాబూ ఇది? మావేటి అడిగినాం, మీరేటి ఇచ్చినారు? పరాసికాలా?"

"అదేమిటండీ! గట్టిగా, కారంగా కావాలన్నారుగా?" ఇన్‌స్పెక్టరుగారి మొహం ఎర్రబడింది. "పిల్లలు ఆకలని అడిగారు కదా అని పెట్టిస్తే, ఇదా మర్యాద? అప్పన్నా, జీపు పిలు!"

"మా పిల్లల సదువు మాటేటి?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. సింహాచలం చెయ్యి కూతురి తలమీంచి జారింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. పరుగెత్తి ఇన్‌స్పెక్టరుగారికి అడ్డం నిలబడ్డాను. ఏడాదిపాటు డాబా మీద సాధన చేసిన చకారం ఆ కంగారులో నన్ను వదిలి ఏ గెడ్డలో పడిందో తెలీదు. నా నోట్లోంచి మా అమ్మ మాట్లాడింది.

"ఎల్లిపోకండి బాబూ! తప్పు నాది! ఆ గుంట అడిగింది సారు కాదండి, సారు!"

"ఏమిటీ?"

"సారు కాదు బాబూ! సారు! ఈ సారు కాదు," అని కుండలు చూపించాను, "ఈ సారు!" అని నా గుండె బాదుకున్నాను. "సారు నేక అడిగింది కాదండి, సార్లు నేక! సారుని సారు అనొద్దని నానే సెప్పినాను, అంచేత ఆల్లు సారుని సారు అన్నారు! ఇప్పుడేటి సెయ్యమంటారు, సెప్పండి!"

ఊరంతా గుడ్లప్పగించి నన్నే చూస్తోంది. ఆ రెండింటికీ తేడా చూపించే ఒక్క అక్షరం కోసం నాలుక నోరంతా వెతికింది. దొరికితే ఒట్టు.

అప్పుడు సావిత్రి ముందుకు వచ్చింది. కళ్లు తుడుచుకుని, నేను నేర్పిందంతా పక్కన పెట్టేసి, గట్టిగా చెప్పింది:

"మేస్టార్లండి! మాకు ఇంకో ఇద్దరు మేస్టార్లు కావాలి. తొమ్మిదో తరగతి సెప్పడానికి. నాను సదువుకోవాలి."

అంతే. పొలాల్లో పశువులు కాసుకునే పిల్లాడికి కూడా అర్థమయ్యే మాట. ఆ మాటని మొదటివారంలోనే నేను బడినుంచి గెంటేశాను.

ఇన్‌స్పెక్టరుగారు కుర్చీలో కూలబడ్డారు. నావైపు చూశారు, కుండలవైపు చూశారు. "చల్లారితే... చాలా బాగుంటారు" అని గొణిగారు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకుని అప్పలనాయుడుగారు మంచినీళ్లు తెమ్మన్నారు. కాదు, నవ్వు. నవ్వీ నవ్వీ ఆయన కళ్లద్దాలు చారులో పడ్డాయి. పైడమ్మ గరిటెతో తీసి ఇచ్చింది.

వచ్చిన చారు వృథా పోకూడదని అందరం కూర్చుని ఆ ఉప్మాలోనే పోసుకుని తిన్నాం. ఇన్‌స్పెక్టరుగారు దోసిలి పట్టి మరీ తాగారు.

"అమ్మా, మీ చారు అమోఘం" అన్నారు పైడమ్మతో.

పైడమ్మ నావైపు ఒక చూపు చూసి, "ఏ సారండి బాబూ?" అంది.

తొమ్మిదో తరగతి ఆ ఏడే వచ్చింది. మేష్టార్లు కూడా ఇద్దరూ వచ్చారు. ఒకాయన లావు, ఇంకొకాయన సన్నం. పాపం, వాళ్లు ఏ తప్పూ చేయకుండానే ఊరు వాళ్లకి పెద్దకుండ, చిన్నకుండ అని పేర్లు పెట్టేసింది. సావిత్రి తొమ్మిదిలో చేరింది. ఆ పిల్ల తరవాత పెద్ద చదువు చదివి, తనూ మేష్టరమ్మే అయింది. ఉద్యోగం వచ్చిన రోజు మా ఇంటికి వచ్చి నా కాళ్లకు దణ్ణం పెట్టి, కావాలనే, "వస్తాను చారూ" అంది. నాకు ఏడుపొచ్చేసింది. ఎంత మర్యాదగా పిలిచినా ఎవరూ నన్ను అంత గొప్పగా పిలవలేదు.

కుండల రోజుకి వస్తాను. సాయంత్రం ఇంట్లో పీట వేసుకుని కూర్చున్నాను. పైడమ్మ అన్నం పెట్టింది, పప్పు వేసింది, వంకాయ కూర వేసింది. చెయ్యి కడుక్కోబోయేదాకా చారు ఊసే లేదు. ఉండబట్టలేక అడిగాను.

"చారేదీ?"

"రెండు కుండలూ ఊరు తాగీసింది" అంది పైడమ్మ, విస్తరి తీస్తూ. "ఇంక ఈ ఇంట్లో మిగిలిన సారు మీరొక్కరే."

మామగారు చుట్ట నోట్లోంచి తీసి మరీ నవ్వారు.

ఆనాడే ఎంగిలి చెయ్యి ఎండకుండా ఒక ప్రమాణం చేశాను. మీ అందరి ఎదుటా మళ్లీ చేస్తున్నాను. తల్లి ఇచ్చిన మాటని తప్పని ఏ పిల్లనీ బల్ల ఎక్కించను. ఎవరి నాలుకకీ మందు వేయను. నన్ను సారు అన్నా, చారు అన్నా, మేస్టారన్నా పలుకుతాను. పైడితల్లమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను. తప్పు, తప్పు. ఒట్టేసి సెప్తన్నాను.